శారదా సదన్ సలహా సంఘం: ఆహ్వానం నుంచి రాజీనామా వరకు (1889–1893)

ప్రభుత్వంతో నిమిత్తం లేకుండా నడిచే ఒక బాలికా పాఠశాల పాలకమండలిలోకి కొత్త సభ్యులు వచ్చి చేరడం చరిత్రకారులు పెద్దగా పట్టించుకునే ఘట్టం కాదు. స్వాగతవచనాలు, పరిచయాలు, కృతజ్ఞతలు ముగిసిన తరువాత వార్షిక నివేదికలో వారి పేర్లు మాత్రమే మిగులుతాయి. అయితే ఒక సంస్థ తాను ఏమిటో, ఎవరి కోసం ఉన్నదో బయటివారికి స్పష్టంగా చెప్పుకోవలసిన సందర్భం అదే. వచ్చినవారు తమ పరువును ఆ సంస్థకు పూచీగా పెట్టేదీ అప్పుడే. ఆ సమయంలో ఇరుపక్షాలూ ఒకే మాటను రెండు అర్థాలతో పలికితే, దాని ఫలితం కొన్నేళ్ల తరువాత రాజీనామాపత్రంలో బయటపడుతుంది.

పందొమ్మిదో శతాబ్దపు స్త్రీవిద్యాసంస్థల చరిత్రను స్థాపకుల జీవితచరిత్రలుగా చదవడం మనకు అలవాటు. ఆ సంస్థలకు అండగా నిలిచిన సంఘాల గురించి, వాటి సభ్యులకు ఇచ్చిన హామీల గురించి, ఆ హామీలు ఎక్కడ బీటలువారాయన్న దాని గురించి జరిగిన చర్చ తక్కువ. పండిత రమాబాయి స్థాపించిన శారదా సదన్ విషయంలో ఈ లోటు స్పష్టంగా కనిపిస్తుంది. 1893 ఆగస్టులో మహాదేవ గోవింద రనడే, రామకృష్ణ గోపాల భండార్కర్ తదితరులు ఆ సంస్థతో సంబంధం తెంచుకొన్న ఘట్టాన్ని సాధారణంగా మతమార్పిడి వివాదంగానే వివరిస్తారు. ఒక వర్గం దానిని రమాబాయి మాట తప్పడంగా చూస్తే, మరొక వర్గం సంస్కర్తల పిరికితనంగా చూసింది. ఈ రెండు వివరణలూ 1893 నుంచి వెనక్కి చూసి చేసినవే. వివాదానికి మూలం 1889లో సలహా సంఘాన్ని ఆహ్వానించిన షరతులలోనే ఉన్నదని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కలకత్తా నమూనా

శారదా సదన్‌కు నలభై ఏళ్ల ముందు, 1849 మే నెలలో, జాన్ ఇలియట్ డ్రింక్‌వాటర్ బెథూన్ కలకత్తాలో హిందూ బాలికల కోసం ఒక పాఠశాలను ప్రారంభించారు. తొలిరోజు చేరిన బాలికలు 21 మంది. పండితుడు మదనమోహన తర్కాలంకార్ తన ఇద్దరు కుమార్తెలను అందులో చేర్పించడం ఆనాటికి సాహసం. దక్షిణారంజన్ ముఖోపాధ్యాయ స్థలమిచ్చారు. ఈశ్వరచంద్ర విద్యాసాగర్ కార్యదర్శి బాధ్యత స్వీకరించారు. బాలికలను తీసుకువచ్చే బండి పక్కభాగాల మీద ఆడపిల్లను కూడా శ్రద్ధగా పోషించి చదివించాలని చెప్పే సంస్కృత శ్లోకపాదం రాయించారు. వీధిలో పోయేవారికి ఆ బండే ఒక ప్రకటన.

1851లో బెథూన్ మరణించారు. డల్హౌసీ తన సొంత ఖర్చుతో కొంతకాలం పాఠశాలను నిలబెట్టారు. 1856లో ఆయన స్వదేశానికి వెళ్లేనాటికి అది ప్రభుత్వ పోషణలోకి వచ్చింది. అప్పుడు ఏర్పడిన సంఘానికి సెసిల్ బీడన్ అధ్యక్షుడు, విద్యాసాగర్ కార్యదర్శి. ఈ కూర్పును జాగ్రత్తగా గమనించాలి. అధ్యక్షస్థానంలో ఆంగ్లేయ అధికారి ఉన్నాడు, ధనం ప్రభుత్వానిది, అయితే ఇంటి గడప దాటి ఆడపిల్లను పంపే తండ్రికి కావలసినది ఆ రెండూ కాదు. పాఠశాలలో మతబోధ ఉండదనీ, తమవంటి కుటుంబాల పిల్లలే అక్కడ చదువుతారనీ భరోసా ఇచ్చే మనిషి కావాలి. ఆ భరోసా విద్యాసాగర్ పాండిత్యం నుంచి, ఆయన ఆచారనిష్ఠ గురించి ఊరికి ఉన్న నమ్మకం నుంచి వచ్చింది. స్థానిక సభ్యుడు అందించేది డబ్బు కాదు, అధికారం కాదు, పూచీ. ఈ నమూనానే తరువాత బొంబాయిలోనూ పునరావృతమైంది. అయితే బెథూన్ పాఠశాల పగటిబడి. సాయంత్రానికి పిల్ల ఇంటికి చేరుతుంది. శారదా సదన్ వితంతువులు నివసించే ఇల్లు. పూచీ బరువులో ఈ భేదం చాలా పెద్దది.

చెల్టన్‌హామ్‌లో రమాబాయి

రమాబాయి 1858లో పశ్చిమ కనుమల ప్రాంతంలో జన్మించారు. భార్యకు సంస్కృతం నేర్పినందుకు తోటి పండితుల ఆక్షేపణకు గురైన అనంతశాస్త్రి డోంగ్రే ఆమె తండ్రి. పురాణపఠనంతో దేశాటన చేసిన ఆ కుటుంబం 1870ల నాటి క్షామంలో తిరుపతి పరిసరాల అడవులలో ఆకలితో అలమటించిన సంగతిని రమాబాయి 1907లో ప్రచురించిన ఆత్మకథాత్మక రచనలో వివరంగా చెప్పారు. తల్లి రాయచూరులో మరణించింది. తెలుగువారు ఆమెను మహారాష్ట్ర సంస్కర్తగా మాత్రమే గుర్తుంచుకోవడం వల్ల ఈ దక్షిణదేశపు అధ్యాయం మరుగున పడింది.

1878లో కలకత్తా పండితులు ఆమెకు ‘పండిత’, ‘సరస్వతి’ బిరుదులిచ్చారు. వంగదేశీయుడైన బిపిన్ బిహారీ దాస్‌ను వర్ణాంతర వివాహం చేసుకున్నారు. 1882లో ఆయన మరణించగా, పసిబిడ్డ మనోరమతో పుణే చేరి ఆర్య మహిళా సమాజాన్ని స్థాపించారు. 1883లో ఇంగ్లండు వెళ్లి అదే సంవత్సరం క్రైస్తవ మతం స్వీకరించారు. ఆ తరువాత 1884 నుంచి 1886 వరకు చెల్టన్‌హామ్ లేడీస్ కాలేజీలో ఉన్నారు. ఆ కాలేజీ అనుభవం శారదా సదన్‌కు సంబంధించినంతవరకు కీలకమైనదని నా అభిప్రాయం.

ఆ కాలేజీ 1854లో వాటాదారుల మూలధనంతో మొదలైన ప్రైవేటు సంస్థ. 1858లో డొరోతియా బీల్ ప్రధానాచార్యురాలిగా వచ్చేనాటికి విద్యార్థినుల సంఖ్య డెబ్బైకి లోపు పడిపోయింది, నిధులు అడుగంటాయి. ఆమె దానిని నిలబెట్టారు. ఆ క్రమంలో ఆడపిల్లలకు గణితం ఎందుకని ప్రశ్నించే తల్లిదండ్రులకూ, లెక్కలు అడిగే మండలికీ ఏకకాలంలో సమాధానం చెప్పవలసి వచ్చింది. అదే కాలంలో లండన్‌లో ఫ్రాన్సిస్ మేరీ బస్ తాను 1850లో సొంతంగా ప్రారంభించిన నార్త్ లండన్ కాలేజియేట్ పాఠశాలను 1870–71లో ధర్మనిధి సంస్థగా మార్చి పాలకమండలి చేతిలో పెట్టారు. పాఠశాల తన తదనంతరం నిలవాలంటే అది అవసరమని ఆమెకు తెలుసు. ఇరవయ్యేళ్లుగా తనదిగా నడిపిన బడిలో చిన్న నిర్ణయానికి కూడా ఇతరుల అనుమతి కోరవలసి రావడం ఆమెకు ఎంత బాధ కలిగించిందో ఆమె జీవితచరిత్రలో కనిపిస్తుంది. ఆనాటి ఇంగ్లండులో మండలి సభ్యులను స్వాగతించడమంటే స్థాపకురాలు తన స్వామ్యాన్ని వదులుకోవడమే.

రమాబాయి అక్కడ సంస్కృతం బోధిస్తూ ఆంగ్లవిద్య అభ్యసించారు. ఆమె పురుష విద్యార్థులకు కూడా పాఠం చెప్పవచ్చునన్న ప్రతిపాదన 1885లో వచ్చినప్పుడు, భారతదేశంలో పనిచేసిన ఆంగ్లికన్ బిషప్పులు అభ్యంతరం చెప్పారు. స్వదేశానికి తిరిగి వెళ్లినప్పుడు అది ఆమె పేరుకు హాని చేస్తుందని వారి వాదన. ఆమెకు ఆశ్రయమిచ్చిన వాంటేజ్ సన్యాసినుల మఠం కూడా ఆ సలహానే సమర్థించింది. ఆ సందర్భంగా జరిగిన ఉత్తరప్రత్యుత్తరాలలో రమాబాయి వైఖరి దృఢమైనది. సలహా వినడానికి అభ్యంతరం లేదు; కానీ తన అంతరాత్మ మీద తీర్పు చెప్పే హక్కు ఎవరికీ లేదు. హితైషులు ‘నీ పరువు కోసమే’ అని చెప్పే మాట అదుపుగా ఎలా మారుతుందో ఆమె ఇంగ్లండులోనే చూశారు. నాలుగేళ్ల తరువాత బొంబాయిలో ఆమె ఏర్పరచుకొన్నది పాలకమండలి కాదు, ‘సలహా సంఘం’ మాత్రమే కావడాన్ని ఈ నేపథ్యంలో అర్థం చేసుకోవాలి.

బోస్టన్ ధనం, బొంబాయి పరువు

1886లో రమాబాయి, ఆనందీబాయి జోషి వైద్యపట్టా అందుకునే సందర్భానికి ఫిలడెల్ఫియా వెళ్లారు. 1887లో వెలువడిన ఆమె ఆంగ్లగ్రంథం ‘ది హై-కాస్ట్ హిందూ ఉమన్’ అగ్రవర్ణ బాలవితంతువుల స్థితిని అమెరికా పాఠకులకు చూపింది. అదే సంవత్సరం డిసెంబరులో బోస్టన్‌లో అమెరికన్ రమాబాయి సంఘం ఏర్పడింది. ఎడ్వర్డ్ ఎవరెట్ హేల్ అధ్యక్షుడు. కార్యనిర్వాహక సంఘాన్ని జుడిత్ ఆండ్రూస్ నడిపించారు. పది సంవత్సరాల పాటు ఏటా చందా ఇస్తామని ఊరూరా ఏర్పడిన రమాబాయి మండలులు వాగ్దానం చేశాయి. సభ్యులలో అనేక క్రైస్తవ శాఖలవారు ఉన్నారు. ఏ ఒక్క శాఖకూ సంస్థ చెందకూడదు కనుక పాఠశాలలో మతబోధ ఉండదన్న నియమాన్ని అందరూ అంగీకరించారు. ఈ నియమం హిందువులను దృష్టిలో పెట్టుకొని చేసింది మాత్రమే కాదు. యూనిటేరియన్లు, ఎపిస్కోపలియన్లు, కాంగ్రిగేషనలిస్టులు ఒకే బల్ల చుట్టూ కూర్చోవడానికి అది తప్పనిసరి. అమెరికాలో అది శాఖల మధ్య సంధి. బొంబాయి చేరేసరికి అదే నియమం హిందూ కుటుంబాలకు ఇచ్చిన హామీగా చదవబడింది. ఒకే వాక్యం సముద్రం దాటేసరికి అర్థం మార్చుకొన్నది.

1889 మార్చి 11న బొంబాయిలో శారదా సదన్ ప్రారంభమైంది. అప్పటికి చేరిన విద్యార్థినులు ఇద్దరే. ప్రారంభసభకు మరాఠీ రచయిత్రి కాశీబాయి కానిట్కర్ అధ్యక్షత వహించారు. ఆనాటి బహిరంగసభలో ఒక స్త్రీ అధ్యక్షపీఠం మీద కూర్చోవడం అరుదైన విషయం. అయితే సంస్థకు అండగా నిలవడానికి ఆహ్వానం అందుకొన్న సలహా సంఘంలో ప్రముఖంగా కనిపించే పేర్లు రనడే, భండార్కర్, కాశీనాథ త్ర్యంబక తెలంగ్ వంటి పురుషులవే. సభకు స్త్రీ అధ్యక్షురాలు, పూచీకి పురుషులు అన్న ఈ విభజనను అప్పట్లో ఎవరూ వింతగా చూసినట్లు లేదు. రమాబాయి స్వయంగా క్రైస్తవురాలు, వర్ణాంతర వివాహం చేసుకొన్న వితంతువు. ఆమె మాట మీద ఒక బ్రాహ్మణ కుటుంబం తన బాలవితంతువును పంపదు. తెలంగ్ హైకోర్టు న్యాయమూర్తి. భండార్కర్ సంస్కృత పండితుడు. రనడే ప్రార్థనా సమాజానికీ, జాతీయ సాంఘిక మహాసభకూ ఆధారస్తంభం. వీరి పేర్లు చూసి తండ్రులు, అన్నలు ముందుకు వచ్చారు.

ఈ ఏర్పాటులో ఒక నిర్మాణదోషం ఉంది. ధనం బోస్టన్‌లో, పరువు బొంబాయి, పుణే నగరాలలో, దైనందిన నిర్వహణ రమాబాయి చేతిలో. సలహా సంఘానికి నిధుల మీద అధికారం లేదు, ఉపాధ్యాయినుల నియామకం మీద లేదు, ఇంటి నియమాల మీద లేదు. కానీ లోపల ఏది జరిగినా ఊరు నిలదీసేది వారినే.

ఇక్కడ తెలుగులో మనకున్న మూడు మాటలను పక్కపక్కన పెట్టి చూడడం ఉపయోగకరం. సలహాదారు మాట చెప్పి ఊరుకోవచ్చు. పూచీదారు ఇతరుల తప్పుకు తన చేతి నుంచి చెల్లించాలి. ధర్మకర్తకు ధర్మం ఆస్తి మీద అధికారమూ ఉంటుంది, జవాబుదారీ కూడా ఉంటుంది; దేవాలయాల విషయంలో తెలుగునేల మీద ఈ మాటకు స్థిరమైన అర్థం ఏర్పడింది. రనడే ప్రభృతులను రమాబాయి పిలిచింది సలహాదారులుగా. వారు తమను తాము పూచీదారులుగా భావించారు. పత్రికలు మాత్రం వారిని ధర్మకర్తలుగా జమకట్టి విమర్శించాయి. ఈ మూడు అర్థాల మధ్య దూరాన్ని కొలిచే పత్రం ఏదీ తొలిరోజున రాసుకోలేదు.

పుణేలో ఒత్తిడి

1890 నవంబరులో సదన్ పుణేకు మారింది. ఖర్చు తగ్గుతుందన్నది ప్రధాన కారణం. అయితే పుణే సనాతన బ్రాహ్మణ సమాజానికి కేంద్రం. బాలగంగాధర తిలక్ నడిపే ‘కేసరి’, ‘మరాఠా’ పత్రికల ఊరు. అంతకు ముందే న్యూయార్కు నుంచి వెలువడే ఒక క్రైస్తవ వారపత్రిక సదన్‌లోని కొందరు వితంతువులు క్రైస్తవం పట్ల మొగ్గు చూపుతున్నట్లు రాయడం, దానిని ‘కేసరి’ అందిపుచ్చుకోవడం జరిగాయి. అమెరికాలో చందాదారులను ఉత్సాహపరచడానికి రాసిన వార్త పుణేలో అభియోగపత్రమైంది. రెండు ప్రేక్షకవర్గాలకు రెండు రకాలుగా కనిపించవలసి వచ్చే సంస్థలకు ఇది ఇప్పటికీ తెలిసిన చిక్కే.

సలహా సంఘ సభ్యుల పరిస్థితి కూడా అప్పుడే దిగజారుతున్నది. 1890 అక్టోబరులో పుణేలోని పంచ్ హౌద్ మిషన్‌లో జరిగిన తేనీటి సమావేశానికి హాజరైనందుకు రనడే సహా పలువురు మతబహిష్కార వివాదంలో చిక్కుకున్నారు. ఆ సమావేశంలో తిలక్ కూడా ఉన్నారు. 1892లో రనడే ప్రాయశ్చిత్తం చేసుకున్నారు. అది ఆయన అనుచరులను నిరాశపరచింది. 1891 నాటి వివాహ సమ్మతి వయస్సు చట్టం విషయంలో తెలంగ్, భండార్కర్ ఒకవైపు, తిలక్ మరొకవైపు నిలిచారు. అదే ఏడు భండార్కర్ తన వితంతు కుమార్తెకు పునర్వివాహం జరిపించారు. ఒక మనిషి పరువు అక్షయపాత్ర కాదు. పూచీగా పెట్టిన కొద్దీ అది తరుగుతుంది. 1893 నాటికి వీరి దగ్గర మిగిలింది తక్కువ. శారదా సదన్ కోసం దానిని కూడా వెచ్చించాలా అన్నది వారి ముందున్న ప్రశ్న.

అదే ఏడు మార్చిలో సదన్ తొలి విద్యార్థినులలో ఒకరైన గోదూబాయి, ఫెర్గుసన్ కళాశాల గణితాచార్యుడు ధోండో కేశవ కర్వేను పునర్వివాహం చేసుకొని ఆనందీబాయి కర్వే అయ్యారు. సంస్కర్తలకు ఇది విజయం. ఆడపిల్లలను చదువుకు పంపిన సాధారణ కుటుంబాలకు మాత్రం ఇది వేరే సంకేతం: చదువుకు పోయిన పిల్ల ఏ నిర్ణయంతో తిరిగి వస్తుందో చెప్పలేం.

ఆగస్టు 1893

వివాదాస్పదమైన వాస్తవాలు సరళమైనవి. రమాబాయి తన గదిలో కుమార్తెతో కలిసి ప్రార్థన చేసుకునేవారు. తలుపు తెరిచి ఉండేది. ఇష్టమున్న బాలికలు వచ్చి కూర్చునేవారు. ఎవరినీ రమ్మనలేదు, ఎవరినీ పొమ్మనలేదు. పుస్తకాలలో బైబిలుతో పాటు హిందూ గ్రంథాలూ ఉండేవి. ఇదే మతతటస్థత అని రమాబాయి వాదం. తమ ఇళ్లలో ఉన్నప్పుడు ఆచరించే వ్రతాలను బాలికలు ఇక్కడా ఆచరించవచ్చు. వాటిని తాను ఆపనప్పుడు, తన ప్రార్థనకు వచ్చేవారిని మాత్రం ఎందుకు ఆపాలి?

భండార్కర్, రనడే, చింతామణ్ నారాయణ్ భట్ తదితరులకు ఈ తర్కం సరిపోలేదు. గృహాధిపతి స్థానంలో ఉన్న వ్యక్తి తలుపు తెరిచి పెట్టడమే ఒక పిలుపు అని వారి భావం. ఆశ్రయం లేని బాలవితంతువు తనకు అన్నం పెట్టే తల్లివంటి మనిషి ప్రార్థనకు వెళ్లడంలో స్వేచ్ఛ ఎంత? తమ మాట మీద పిల్లలను పంపిన సంరక్షకులకు ఏమని చెప్పాలి? సంస్థను మిషనరీ పద్ధతిలో నడపదలచుకొంటే తమకు దానితో సంబంధం లేదని వారు బోస్టన్‌కు రాశారు. ఆ విషయం పత్రికలకెక్కిన తరువాత ఇరవై మందికి పైగా బాలికలను బంధువులు వచ్చి తీసుకుపోయారు.

మతతటస్థత అన్న మాటకు ఇక్కడ రెండు నిర్వచనాలు ఢీకొన్నాయి. రమాబాయి దానిని విద్యార్థిని వైపు నుంచి చదివారు: నిర్బంధం లేకపోతే చాలు. సంఘసభ్యులు సంరక్షకుని వైపు నుంచి చదివారు: ఇంటి నుంచి వచ్చిన పిల్ల ఆ ఇంటి మతంతోనే తిరిగి వెళ్లాలి. రెండింటిలోనూ న్యాయం ఉంది. సమ్మతి వయస్సు చర్చను ఇక్కడ గుర్తుచేసుకుంటే సంస్కర్తల వాదన కేవలం పిరికితనం కాదని తెలుస్తుంది. చిన్నపిల్ల తన దేహం విషయంలో ఇచ్చే సమ్మతికి విలువ లేదని 1891లో వాదించినవారు, ఆత్మ విషయంలో అదే వయసు పిల్ల సమ్మతిని ప్రమాణంగా ఎలా తీసుకుంటారు? ఈ కోణంలో వారి వైఖరిలో ఒక సంగతత్వం ఉంది.

కానీ ఆ వాదానికి ఒక హద్దు కూడా ఉంది. సదన్‌లోని వారందరూ పసిపిల్లలు కారు. గోదూబాయి చేరేనాటికే యుక్తవయస్కురాలు. పునర్వివాహం విషయంలో వితంతువు నిర్ణయాన్ని గౌరవించాలని బోధించిన సంస్కర్తలే ఆమె మతవిశ్వాసం విషయంలో నిర్ణయాన్ని సోదరునికీ మామగారికీ అప్పగించారు. రాజీనామాకు ముందు ఆ ఇంట్లో ఉన్న స్త్రీల అభిప్రాయం అడగాలన్న ఆలోచన ఆ లేఖావ్యవహారంలో ఎక్కడా ప్రధానం కాలేదు. రెండేళ్ల తరువాత, 1895లో, సదన్‌లోని కొందరు బాప్తిస్మం తీసుకున్నప్పుడు తిలక్ వర్గం తమ మాటే నిజమైందని భావించింది. నిజమే, భయపడింది జరిగింది. అయితే సలహా సంఘం వెళ్లిపోయిన తరువాత ఆ ఇంట్లో హిందూ సమాజానికి ప్రతినిధిగా నిలిచి ఆ స్త్రీలతో మాట్లాడగలవారు ఎవరూ మిగలలేదన్నది కూడా అంతే నిజం.

1896లో కర్వే పుణేలో అనాథ బాలికాశ్రమ మండలిని స్థాపించారు. హిందూ వితంతువులకు హిందువుల నిర్వహణలోనే నివాసవిద్య అన్నది దాని ఆలోచన. శారదా సదన్‌లో చదివి వచ్చిన ఆనందీబాయి కర్వే ఆ పనిలో పాలుపంచుకోవడాన్ని బట్టి, రెండు సంస్థల మధ్య పైకి కనిపించే దూరం కింద ఒక వారసత్వం సాగిందని చెప్పవచ్చు. రమాబాయి 1896–97 క్షామం నుంచి బయటపడిన స్త్రీల కోసం కేడ్‌గావ్‌లో ముక్తి సదన్ నిర్మించి, ఏ సలహా సంఘం అవసరం లేని దారిలో సాగిపోయారు.

రాజమహేంద్రవరం వైపు

ఈ చరిత్రను తెలుగునేల మీది అనుభవంతో పోల్చి చూడడం అవసరం. కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికా పాఠశాల ప్రారంభించారు. 1881 డిసెంబరులో రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించారు. ఆయనను దక్షిణదేశ విద్యాసాగరునిగా కొనియాడింది రనడేయే. రనడే నెలకొల్పిన సాంఘిక మహాసభకు 1898లో మద్రాసులో అధ్యక్షత వహించింది వీరేశలింగమే. కనుక పుణే, రాజమహేంద్రవరం ఒకదానికొకటి తెలియని ఊళ్లు కావు.

భేదం ఏర్పాటులో ఉంది. రాజమహేంద్రవరంలో ధనం, పరువు, నిర్వహణ మూడూ చాలాకాలం ఒకే ఇంట్లో ఉన్నాయి. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య వంటివారు ధనసహాయం చేసినా, మాట వీరేశలింగానిదే, ఆశ్రయం పొందిన వితంతువులను చూసుకునే చేయి రాజ్యలక్ష్మమ్మది. ఊరు నిందించవలసి వస్తే నిందించేది ఆ దంపతులనే. వారు ఎవరి పరువునూ అరువు తెచ్చుకోలేదు. అందువల్ల వారి కష్టాలు వెలివేతలుగా, వంటవారు, నీళ్లు తెచ్చేవారు దొరకకపోవడంగా వచ్చాయి తప్ప రాజీనామాలుగా రాలేదు. 1906లో వీరేశలింగం హితకారిణీ సమాజాన్ని నెలకొల్పి, తన ఆస్తిని, సంస్థలను దానికి అప్పగించినప్పుడు ఈ మూడు మొదటిసారిగా విడివడ్డాయి. లండన్‌లో మిస్ బస్ చేసిన పని వంటిదే ఇది. అయితే వీరేశలింగం పిలిచింది సలహాదారులను కాదు. ఆస్తిని చేతికిచ్చి జవాబుదారీని కూడా వారి మీద పెట్టారు. ధర్మకర్త అన్న మాట ఇక్కడ దాని పూర్తి అర్థంలో వర్తిస్తుంది. బాధ్యత, అధికారం ఒకే చేతికి చేరడం వల్లనే సంస్థ వ్యక్తి తరువాత కూడా నిలిచింది. గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో స్థాపించిన శారదా నికేతనాన్ని కూడా ఈ వరుసలో చేర్చి పరిశీలించవచ్చు. పేరులోని పోలిక యాదృచ్ఛికమైనా, వితంతువులకు, అనాథ బాలికలకు నివాసవిద్య అన్న లక్ష్యం ఒకటే.

పుణే కథలో చెప్పవలసిన పేరు ఇంకొకటి ఉంది. 1882లో పండిత రమాబాయి స్థాపించిన ఆర్య మహిళా సమాజం సభలకు వెళ్లి, ఇంట్లోని పెద్ద స్త్రీల నిష్ఠురాలు భరించినవారిలో రనడే భార్య రమాబాయి రనడే ఒకరు. భర్త శారదా సదన్ సలహా సంఘంలో ఉన్న కాలంలో ఆమెను ఆ సంఘంలోకి ఆహ్వానించాలన్న ఆలోచన ఎవరికీ కలగలేదు. రనడే 1901లో మరణించారు. 1909లో పుణేలో సేవాసదన్ ఏర్పడినప్పుడు ఆమె దాని అధ్యక్షురాలయ్యారు. 1924లో మరణించేవరకు ఆ సంస్థను నడిపించారు.